బడి ఎంపిక: ఇంటి విషయమా, హక్కుల విషయమా?

(మహిళా సంఘాల కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగానికి రాతరూపం)



రెండు రోజులుగా ఈ తరగతుల్లో గృహహింస గురించీ, భరణం గురించీ, ఆస్తిలో వాటా గురించీ మాట్లాడుకున్నాం. ఇప్పుడు నాకు అప్పగించిన అంశం చూసి మీలో కొందరికి ఆశ్చర్యం కలగవచ్చు. పిల్లల్ని ఒకటో తరగతిలో ఏ బడిలో వెయ్యాలన్నది ఆ ఇంటివాళ్ళు తేల్చుకునే సంగతి కదా, దానికీ స్త్రీల హక్కులకీ సంబంధం ఏమిటి అని. సంబంధం ఉందనే నేను చెప్పదలచుకున్నాను. ఒక ఇంట్లో ఆడమనిషి మాటకి ఎంత విలువ ఉందో తెలుసుకోవాలంటే, ఆ ఇంటి పిల్లలు ఏ బడిలో చదువుతున్నారో, ఆ బడి ఎవరు నిర్ణయించారో అడిగితే చాలు.

మే నెల వచ్చిందంటే మన బస్తీల్లో ఈ గొడవ మొదలవుతుంది. గోడల మీద కాన్వెంట్ల పోస్టర్లు పడతాయి. ప్రైవేటు బళ్ళ టీచర్లు కాగితాలు పట్టుకుని ఇంటింటికీ తిరుగుతారు. అదే సమయంలో సర్కారు బడి టీచర్లు బడిబాట పేరుతో వస్తారు. జూన్ రెండో వారంలో బళ్ళు తెరిచేలోగా తేలిపోవాలి. ఆ నెల రోజుల్లో ఎవరు తిరుగుతారు? తల్లే తిరుగుతుంది. ఫీజు ఎంతో, ఆటోకి ఎంతో, పుస్తకాలకీ బట్టలకీ ఎంతో కనుక్కునేది ఆమె. పక్కింటి వాళ్ళని వాకబు చేసేది ఆమె. పొదుపు సంఘంలో అప్పు తీసేది ఆమె. చివరికి ఏ బడో చెప్పేది మాత్రం భర్త, లేకపోతే మామ. ఆ తర్వాత పిల్లాడికి చదువు రాకపోతే, "నువ్వు సరిగా చూసుకోలేదు" అనే మాట మళ్ళీ తల్లికే. పని ఆమెది, నిర్ణయం ఇంకొకరిది, నింద మళ్ళీ ఆమెది. ఇంటి చాకిరీ గురించి మనం ఎన్నేళ్ళుగానో చెబుతున్న మాట ఇక్కడ కూడా అక్షరాలా వర్తిస్తుంది.

ఆంధ్రప్రదేశ్ లో 2020 జనవరిలో అమ్మ ఒడి పథకం మొదలుపెట్టినప్పుడు 15,000 రూపాయలు తల్లి బ్యాంకు ఖాతాలో వేశారు. 2025లో తల్లికి వందనం పేరుతో చదువుకునే ప్రతి బిడ్డకీ ఇవ్వడం మొదలుపెట్టారు. బడి నిర్వహణకని 2,000 మినహాయించి 13,000 ఖాతాలో వేశారు. తల్లి పేరున డబ్బు రావడం మంచి విషయమే. మనం అడిగినదే. అయితే ఖాతా తల్లిదైనంత మాత్రాన నిర్ణయం తల్లిది అయిపోదు. డబ్బు పడిన రోజే కాన్వెంటు పాత బాకీ కింద కట్టేసిన ఇళ్ళు నాకు తెలుసు. ఆ తల్లుల్ని "ఈ బడి మీకు నచ్చిందా?" అని అడిగినవాళ్ళెవరూ లేరు.

ఒకే ఇల్లు, రెండు బళ్ళు

ఇక రెండో విషయం. బస్తీలో మేము ఇల్లిల్లూ తిరిగేటప్పుడు ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతాం. పిల్లలు ఎందరు, ఎవరు ఏ బడిలో ఉన్నారు అని. జవాబు ఎన్నో ఇళ్ళలో ఒక్కలాగే ఉంటుంది. బాబు కాన్వెంటులో, పాప సర్కారు బడిలో. ఇద్దరి మధ్యా రెండేళ్ళ తేడా. ఒకే గుమ్మంలోంచి పొద్దున్నే బయలుదేరతారు. వాడు బూట్లు వేసుకుని ఆటో ఎక్కుతాడు, అది చెప్పులతో నడిచి వెళ్తుంది. వాడికి టిఫిను క్యారియరు, దానికి బడిలో పెట్టే మధ్యాహ్న భోజనం.

ఒక తల్లిని అడిగాను, ఇలా ఎందుకు చేశారమ్మా అని. ఆమె దాచుకోకుండా చెప్పింది. "ఇద్దరికి ఫీజు కట్టే తాకత్ లేదక్కా. పిలగాడు రేపు మమ్మల్ని సూస్తడు. పిల్ల ఇంకో ఇంటికి పొయ్యేది. దాని పెండ్లికి ఎట్లాగూ పెట్టాలె కదా." ఆమె చెప్పినదాంట్లో కూతురి మీద ప్రేమ లేకపోవడం లేదు. ఉన్న డబ్బుని ఎక్కడ పెడితే ముసలితనంలో తిండి దొరుకుతుందో లెక్క వేసుకుంది. కట్నం ఉన్నంతకాలం, కొడుకే ముసలితనానికి దిక్కు అన్నంతకాలం ఆ లెక్క అలాగే వస్తుంది. కాబట్టి ఆమెని తప్పుపట్టి ప్రయోజనం లేదు. ఆ లెక్కని పుట్టించే పరిస్థితులతోనే మన పోరాటం.

ఇది ఒక బస్తీ సంగతే కాదు. ప్రథమ్ సంస్థ 2005 నుంచి గ్రామాల్లో చేస్తున్న అసర్ సర్వేల్లో కూడా మగపిల్లలు ప్రైవేటు బళ్ళలో, ఆడపిల్లలు ప్రభుత్వ బళ్ళలో ఎక్కువగా చేరుతున్నారని కనిపిస్తుంది. పూర్వం ఆడపిల్లని బడికి పంపకపోవడం వివక్ష. 1874లో కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టినప్పుడు ఆడపిల్లకి చదువేమిటని ఊరు ఎదురు తిరిగే కాలం. ఈనాడు ఆడపిల్ల కూడా బడికి వెళ్తోంది. వివక్ష మాత్రం బడి బయటి నుంచి లోపలికి వచ్చింది. హాజరు పట్టీలు చూసి ఆడపిల్లలందరూ బడిలో ఉన్నారని సంబరపడితే ఈ తేడా మన కళ్ళకి కనబడదు.

ఒకటో తరగతిలో చేసిన ఆ తేడా అక్కడితో ఆగదు. అయిదో తరగతి అయ్యాక హైస్కూలు దూరం. బస్సు ఖర్చు, దారిలో పోకిరీల గొడవ. అప్పుడు ఇంట్లో అంటారు, "దానికి చదువు మీద అంత ధ్యాస లేదు, మాన్పించేద్దాం" అని. ధ్యాస లేకపోవడం కాదు, ఇద్దరిలో ఎవరి చదువు మీద ఖర్చు పెట్టాలో ఆరేళ్ళప్పుడే తేల్చేశారు.

పేదవాళ్ళకి చదువు విలువ తెలియదు, అందుకే పిల్లల్ని పనిలో పెడతారు అని చెప్పేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి ఎం.వి. ఫౌండేషన్ చేసిన పని ఆ మాటని అబద్ధమని తేల్చింది. బాలకార్మికుల్ని పనిలోంచి బడిలోకి తెచ్చినప్పుడు, దారి చూపిస్తే కూలి తల్లిదండ్రులు తమ కష్టం పెంచుకుని అయినా పిల్లల్ని చదివిస్తారని రుజువైంది. అంటే కోరిక లేక కాదు. ఆ కోరికని సమానంగా పంచే పరిస్థితి ఇంట్లో లేదు, దానికి తగిన బడి ఊళ్ళో లేదు.

కాగితాల దగ్గర తల్లి ఎక్కడ?

ఇప్పుడు చేర్చుకునే చోటికి వద్దాం. ఫారంలో మొదట తండ్రి పేరు, తండ్రి ఉద్యోగం, తండ్రి ఆదాయం. తల్లి ఉద్యోగం దగ్గర గృహిణి అని రాస్తారు. ఆమె నాలుగిళ్ళలో పాచిపని చేసి ఆ ఫీజు కడుతున్నా గృహిణే. భర్త వదిలేసిన స్త్రీ, వితంతువు, పెళ్ళి కాకుండా తల్లి అయిన స్త్రీ అయితే ఆ బల్ల దగ్గర నిలబడి ఏడ్చినంత పని. "తండ్రి సంతకం తీసుకురామ్మా", "తండ్రి ఆధార్ ఎక్కడ?" అంటారు. ఎక్కడున్నాడో తెలియనివాడి సంతకం ఎక్కణ్ణించి తెస్తుంది? మా సంఘానికి వచ్చే ఒంటరి తల్లుల్లో ఈ మాట పడనివారు తక్కువ.

ఇక్కడ చట్టం ఏమంటుందో మనం నోటికి నేర్చుకోవాలి. 2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులో సెక్షన్ 2లో 'పేరెంట్' అంటే ఎవరో చెప్పారు. కన్న, మారు, లేదా దత్తత చేసుకున్న తండ్రి లేదా తల్లి అని. తండ్రి లేదా తల్లి. ఆ 'లేదా' అన్న మాట మనకి చాలా ముఖ్యం. తల్లి ఒక్కతే వచ్చినా పేరెంట్ వచ్చినట్టే.

ఇంకొకటి. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్ షిప్ చట్టంలో సహజ సంరక్షకుడు తండ్రి, 'అతని తర్వాత' తల్లి అని రాశారు. తండ్రి బతికుండగా తల్లికి హక్కు లేదని చాలాకాలం అర్థం చెప్పుకున్నారు. గీతా హరిహరన్ కేసులో 1999లో సుప్రీంకోర్టు ఆ మాటకి వేరే అర్థం చెప్పింది. తండ్రి బిడ్డ బాగోగులు పట్టించుకోకపోయినా, దూరంగా ఉన్నా, తల్లే సంరక్షకురాలిగా వ్యవహరించవచ్చునంది. 2015లో మరో కేసులో, పెళ్ళి కాని తల్లి సంరక్షకత్వం కోరితే తండ్రి పేరు బయటపెట్టమని, అతనికి నోటీసు ఇవ్వమని బలవంతపెట్టనక్కరలేదంది. చట్టంలో తండ్రి ముందు, తల్లి తర్వాత అన్న రాత మాత్రం అలాగే ఉంది. కోర్టు దారి తెరిచింది, తలుపు మీది రాత మారలేదు. అది మార్చమని అడగడం మన పనే.

మిగిలినవి కూడా చెబుతాను, రాసుకోండి. సెక్షన్ 13 ప్రకారం డొనేషన్ తీసుకోకూడదు. చేర్చుకునే ముందు పిల్లకి గానీ తల్లిదండ్రులకి గానీ పరీక్షలు, ఇంటర్వ్యూలు పెట్టకూడదు. పెడితే మొదటిసారి 25,000 రూపాయల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 దాకా జరిమానా ఉంది. "తల్లికి చదువు రాదు, ఇంటి దగ్గర హోంవర్కు ఎవరు చేయిస్తారు?" అని వెనక్కి పంపడం చట్టవిరుద్ధం. సెక్షన్ 14 ప్రకారం వయసు కాగితం లేదని చేర్చుకోకుండా ఉండకూడదు. సెక్షన్ 5 ప్రకారం పాత బడి నుంచి టీసీ రాలేదని కొత్త బడి ఆపకూడదు. భర్త హింస భరించలేక పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వచ్చిన స్త్రీకి ఈ ఒక్క సెక్షన్ ఎంత అవసరమో మీకు నేను చెప్పనక్కరలేదు. పాత బడి కాగితాలు ఇప్పించకుండా భర్త అడ్డుపడితే, పిల్లల చదువు పోతుందని భయపడి ఆమె మళ్ళీ ఆ ఇంటికే వెళ్ళిపోతుంది.

మంచి బడి అంటే ఏది?

ఆడవాళ్ళు మనల్ని అడిగే ప్రశ్న ఇది. "అక్కా, ఏ బడి మంచిది, నువ్వే చెప్పు" అంటారు. బడి పేరు చెప్పడం మన పని కాదు. బడిని ఎలా చూడాలో చెప్పగలం.

చదువు రాని తల్లి కూడా బడిని చూసి అంచనా వెయ్యగలదు. పది గంటలప్పుడు వెళ్ళి అరగంట నిలబడమనండి. తరగతికి ఒక టీచరు ఉన్నారా, అయిదు తరగతుల్నీ ఒక్కరే చూస్తున్నారా? అరవైమంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు ఉండాలని చట్టం. ఆడపిల్లలకి వేరే మరుగుదొడ్డి ఉందా, దాంట్లో నీళ్ళు వస్తున్నాయా, తాళం వేసి టీచర్లకే ఉంచారా? పిల్లలు నోరు విప్పి మాట్లాడుతున్నారా, చేతులు కట్టుకుని బిగుసుకుపోయి ఉన్నారా? కొట్టడం చట్టం నిషేధించింది. బెత్తం బల్ల మీద ఉంటే కంటికి కనిపిస్తుంది. గది ఊడుస్తున్నది ఎవరు? ఎప్పుడూ ఆడపిల్లలూ దళిత పిల్లలేనా? మధ్యాహ్న భోజనం దగ్గర ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారు? కాలు సరిగాలేని బిడ్డ లోపలికి వెళ్ళడానికి దారి ఉందా? ఇవన్నీ చూడటానికి అక్షరాలు రానక్కరలేదు. మెరిసే గేటు, టై, బెల్టు వీటిలో ఏ ప్రశ్నకీ జవాబు కావు.

ఇంగ్లీషు గురించి మనం జాగ్రత్తగా మాట్లాడాలి. దళిత, బీసీ తల్లులు ఇంగ్లీషు మీడియం కావాలంటే అది వ్యామోహం కాదు. తమని బయట నిలబెట్టిన తలుపు ఏ భాషతో తెరుచుకుంటుందో వాళ్ళు చూశారు. సొంత పిల్లల్ని ఇంగ్లీషులో చదివించుకుంటూ వాళ్ళకి మాతృభాష గొప్పతనం చెబితే, "మీ పిల్లలు ఏ బడిల చదువుతున్నరు మేడం?" అని అడుగుతారు. అడగాలి కూడా.

అయినా ఒక తేడా వాళ్ళ ముందు పెట్టాలి. ఇంగ్లీషు రావడం వేరు, బోర్డు మీది ఇంగ్లీషు నోట్సులోకి ఎక్కించుకోవడం వేరు. చిన్న కాన్వెంట్లలో పాఠం చెప్పే పంతులమ్మలు కూడా చాలీచాలని జీతానికి పనిచేసే ఆడవాళ్ళే. వాళ్ళకే రాని ఇంగ్లీషుని పిల్లలకి ఎలా ఇస్తారు? బిడ్డ ఇంటికొచ్చాక, ఈరోజు ఏం చెప్పారో నీ మాటల్లో చెప్పు అని తల్లి అడగాలి. చెప్పగలిగితే చదువు వస్తున్నట్టు. నోట్సు నిండి నోరు పెగలకపోతే ఫీజు ఎందుకు కడుతున్నామో ఆలోచించుకోవాలి. లంబాడీ, గోండు, కోయ పిల్లలకైతే తెలుగు బడి కూడా పరాయి భాష బడే. 2000ల దశకంలో ఉమ్మడి రాష్ట్రంలో కొన్ని ఆదివాసీ భాషల్లో పాఠాలు మొదలుపెట్టింది అందుకే.

విద్యాహక్కు చట్టం వీలైనంతవరకు మాతృభాషలో చెప్పమంటుంది. 2014లో సుప్రీంకోర్టు మాధ్యమం ఎంచుకునే హక్కు తల్లిదండ్రులదంది. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బళ్ళని ఇంగ్లీషు మీడియంలోకి మార్చే జీవో ఇస్తే 2020 ఏప్రిల్ లో హైకోర్టు కొట్టేసింది. తెలంగాణలో 2022-23 నుంచి ప్రభుత్వ బళ్ళలో ఇంగ్లీషు మీడియం మొదలైంది. ఈ వాదనలన్నిటిలోనూ 'తల్లిదండ్రుల ఇష్టం' అన్న మాట వినిపిస్తుంది. ఆ మాటలో తల్లి ఎంత, తండ్రి ఎంత అని అడిగినవాళ్ళు లేరు. మనం అడగాలి.

ఎంపిక దగ్గర ఆగిపోవద్దు

ఇక చివరి విషయం. బజారులో సరుకు ఎంచుకున్నట్టు బడిని ఎంచుకోవడం అనే మాటలోనే ఒక చిక్కు ఉంది. డబ్బున్నవాళ్ళకి పది బళ్ళు. బస్తీలో ఉన్నవాళ్ళకి రెండే దారులు. అప్పు చేసి కాన్వెంటు, లేకపోతే టీచరు లేని సర్కారు బడి. దీన్ని ఎంపిక అనడం అన్యాయం. కొఠారీ కమిషన్ 1964-66లోనే అందరి పిల్లలూ చదివే ఇరుగుపొరుగు బడి కావాలంది. పదునాలుగేళ్ళ దాకా చదువు ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 1993లో చెప్పింది. ఆ ఉన్నికృష్ణన్ కేసులో ప్రతివాది మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. 2002లో 86వ సవరణతో ఆరు నుంచి పదునాలుగేళ్ళ పిల్లలకి అది రాజ్యాంగంలోకి ఎక్కింది.

ప్రైవేటు బళ్ళలో ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు పేద, వెనుకబడిన వర్గాల పిల్లలకి ఉచితంగా ఇవ్వాలని సెక్షన్ 12లో ఉంది. ఆంధ్రప్రదేశ్ లో అది ఆచరణలోకి రావడానికి పన్నెండేళ్ళు పట్టింది. తెలంగాణలో ఏళ్ళ తరబడి కాగితం మీదే ఉండిపోయి కోర్టు దాకా వెళ్ళింది. ఈ సీట్లు అడగాలి. అందులో ఆడపిల్లలు ఎందరో లెక్క కూడా అడగాలి. కానీ ఈ సీట్లు కొందరికే దక్కుతాయి. మిగిలిన పిల్లలకి ఊళ్ళోని బడే గతి. బాగుపడవలసింది అది.

ఆ బడి మీద మనకి అధికారం ఉంది. సెక్షన్ 21 ప్రకారం ప్రతి సర్కారు బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో మూడొంతులమంది, అంటే నూటికి 75 మంది, తల్లిదండ్రులు. మొత్తం కమిటీలో సగం మంది స్త్రీలు. బడి అభివృద్ధి ప్రణాళిక రాసేది ఆ కమిటీ. తెలంగాణలో 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టి, మహిళా సంఘాల నాయకురాళ్ళని అధ్యక్షులుగా చేసి బడి మరమ్మతులు అప్పగించారు. బాగానే ఉంది. కానీ చాలాచోట్ల ఏం జరుగుతోంది? రిజిస్టరు ఇంటికి వస్తుంది, ఆమె సంతకం చేస్తుంది, సమావేశానికి భర్త వెళ్తాడు. పంచాయతీల్లో చూసిన కథే బడిలోనూ.

కాబట్టి వచ్చే జూన్ లోగా ప్రతి సంఘమూ నాలుగు పనులు పెట్టుకోవాలి. మొదటిది, మీ బస్తీలో, మీ ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి అన్న ఏ బడిలో, చెల్లి ఏ బడిలో అని జాబితా రాయండి. ఆ జాబితా సంఘం సమావేశంలో పైకి చదవండి. ఇద్దరికీ ఒకే బడి అన్న మాట పెళ్ళిలో కట్నం వద్దన్న మాటంత గట్టిగా చెప్పాలి. రెండోది, చేర్చుకునే వారంలో ఒంటరి తల్లుల వెంట కనీసం ఇద్దరు వెళ్ళండి. తండ్రి సంతకం అడిగితే సెక్షన్ 2 చూపించండి. ఒప్పుకోకపోతే నిరాకరించినట్టు రాసివ్వమనండి. రాసివ్వమంటే సగం బళ్ళు దారికొస్తాయి. రాసివ్వకపోతే మండల విద్యాశాఖాధికారికి దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. మూడోది, బడి కమిటీలో ఉన్న స్త్రీలని గుర్తించి, సమావేశం రోజున వాళ్ళే వెళ్ళేలా చూడండి. మరుగుదొడ్డికి నీళ్ళు, ఖాళీగా ఉన్న టీచరు పోస్టు, ఈ రెండూ తీర్మానాల పుస్తకంలోకి ఎక్కాలి. నాలుగోది, ఆరేళ్ళ లోపు పిల్లలకి విద్యాహక్కు చట్టం ఇంకా పూర్తిగా చేరలేదు. అంగన్ వాడీ ఎప్పుడు తెరుస్తున్నారో, ఎప్పుడు మూస్తున్నారో చూడటం కూడా బడి పనే. అది సరిగా నడవకపోతే తల్లి కూలికి పోయినప్పుడు చంటివాణ్ణి చూసుకోవడానికి ఇంటి దగ్గర ఆగిపోయేది ఆరేళ్ళ అక్కే.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చుని సారా మీద తిరగబడ్డారు. రాత్రిబడికి వెళ్ళిన ఆడవాళ్ళు ఊళ్ళో సారా దుకాణం ఉండాలా వద్దా అన్నది తేల్చగలిగారు. ఊళ్ళో బడి ఎలా ఉండాలో కూడా మనం తేల్చగలం. పక్కింటి పిల్ల కూర్చునే గది బాగుపడకుండా మన పిల్ల చదువు ఒక్కటే బాగుపడదు. ఇది మీ మీ సంఘాల్లో చర్చించండి. ఒప్పుకోని మాటలుంటే ఇక్కడే, ఇప్పుడే అడగండి, మాట్లాడుకుందాం.